గొంతుకేం కాలేదు

"ఇచ్చారు! స్టేజీ ఇచ్చారు!"

లెక్కల టీచరు కింద నుంచే అరుచుకుంటూ ఇనప మెట్లు ఎక్కుతోంది. ఆవిడ వయసుకి ఆ మెట్లు మెల్లగా ఎక్కడమే గొప్ప, అలాంటిది ఇవాళ పరిగెత్తుతోంది. టైర్ల షాపు మీది గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. టైర్లాయనతో పాటు ఆయన కుర్చీ కూడా లేచింది. ఆయన నడుముకీ ఆ కుర్చీ చేతులకీ ఎప్పుడూ పేచీయే. దాన్ని రెండు చేతులతో ఊడబెరుక్కుంటూ, "మనకా? మనకే?" అన్నాడు.

"మనకే. ఆదివారం, వంతెన ప్రారంభం రోజున. సాయంత్రం, ఏటి ఒడ్డున, ఊరందరి ముందూ. రెండు పాటలు!" టీచరు గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది. "ప్రార్థన మందిరం వాళ్ళు, చేపల మార్కెట్టు వాళ్ళు, రైల్వే వాళ్ళు, ఆ తరవాత మనం."

నర్సు ఈల వేసింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిందేమో, ఇంకా తెల్ల చెప్పులతోనే ఉంది. టైర్లాయన బల్ల మీద దరువు మొదలుపెట్టాడు. కిటికీ దగ్గర హోంవర్కు చేసుకుంటున్న పిల్లలు కూడా ఎందుకో ఏమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. టైలరమ్మ కూడా కొట్టింది. కొడుతూ కొడుతూ చేతులు మధ్యలో ఆపేసింది.

దేవుణ్ణి నమ్మనివాళ్ళు ప్రతి గురువారం ఆ గదిలో కలుసుకుంటారు. మొదట్లో పుస్తకాలు చదివేవాళ్ళు, వాదించుకునేవాళ్ళు. ఒకరోజు టైర్లాయన, "వాదించి వాదించి దవడలు నొప్పెడుతున్నాయి, ఏదైనా పాడుకుందాం" అన్నాడు. అక్కణ్ణుంచి పాటలు మొదలయ్యాయి. కిటికీ తెరలకి కొలతలు తీసుకుందామని వచ్చిన టైలరమ్మ, టేపు మెడలో వేసుకునే, వాళ్ళ శ్రుతి సరిచేసింది. తెరలు కుట్టిచ్చేసినా రావడం మానలేదు. ఇంట్లో మాత్రం గుండీలు కొనడానికి వెళుతున్నానని చెబుతుంది. ఆ లెక్కన ఊళ్ళో గుండీలన్నీ ఈపాటికి ఆవిడ దగ్గరే ఉండాలి.

ఊరికి తెలిసిందల్లా ఒకటే. ప్రార్థన మందిరంలో అందరికంటే ముందు నిలబడి పాడే టైలరమ్మకి గొంతులో ఏదో వచ్చింది. పాడితే పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడు. అందుకే మందిరంలో పాడటం, ఆ తరవాత మందిరానికి వెళ్ళడం, రెండూ ఆగిపోయాయి. నిజానికి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు.

"మరి మొదటి లైను ఎవరెత్తుకుంటారు?" అంది టీచరు. ఎవరినీ చూడకుండానే అంది.

"నేనెత్తుకుంటే ఆంబులెన్సు వచ్చిందనుకుని దారి ఇస్తారు" అంది నర్సు.

అందరూ నవ్వారు. నవ్వుతూనే టైలరమ్మ వైపు చూసి, చూసినట్టు తెలియకుండా తలలు తిప్పుకున్నారు. నేర్పడం వరకే తన పని, బయట పాడేది లేదని ఆవిడ మొదట్లోనే చెప్పింది. ఎవరూ బలవంతపెట్టలేదు. అలా బలవంతపెట్టకపోవడమే ఇప్పుడు ఆవిడకి గుచ్చుకుంటోంది.

అంతలో కింద స్కూటరు ఆగిన చప్పుడు. టైర్లాయన కిటికీలోంచి తొంగి చూశాడు. "ప్రారంభోత్సవం కమిటీ ఆయన. పైకే వస్తున్నాడు."

టైలరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. కమిటీ ఆయన చొక్కాలు కుట్టేది ఆవిడే. దారి ఆ ఇనప మెట్లు ఒక్కటే. గది మూలన, షాపులో పట్టని టైర్లు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. ఆలోచించే టైము లేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వాటి వెనక్కి దూరి గొంతుక్కూర్చుంది. రబ్బరు వాసన ముక్కులోకి కొట్టింది. తుమ్ము వచ్చేలా ఉంటే ముక్కు నొక్కి పట్టుకుంది.

కమిటీ ఆయన వచ్చి కూర్చోలేదు. చేతిలో హెల్మెట్ అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఎవరితోనూ మాట పడకుండా రోజు గడిస్తే చాలనుకునే మనిషి.

"స్టేజీ మీదే. దానికి తిరుగులేదు" అన్నాడు. "పేరు దగ్గరే చిన్న ఇబ్బంది. 'దేవుణ్ణి నమ్మనివాళ్ళ పాటల బృందం' అని మైకులో చదవమంటే ఎలాగండీ? కుటుంబాలతో వస్తారు జనం. 'మిత్ర బృందం' అని పిలుస్తాను. ఎవరికీ ఏ బాధా ఉండదు."

"రైల్వే వాళ్ళని రైల్వే వాళ్ళనే పిలుస్తారుగా?" అంది టీచరు.

"వాళ్ళది ఉద్యోగం."

"మందిరం వాళ్ళని?"

"అది భక్తి."

"మాది ఏదైతే అదే పిలవండి."

"అమ్మా, మిమ్మల్ని పాడొద్దని ఎవరైనా అన్నారా?" కమిటీ ఆయన బతిమాలుతున్నట్టే అన్నాడు. "హాయిగా పాడండి. చప్పట్లు కూడా కొడతారు. మీరెవరో మాత్రం చెప్పకండి. అంతే కదా నేను అడిగేది!"

టైర్ల వెనక టైలరమ్మకి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఉండు, కుట్టు, తిను, నవ్వు, నువ్వెవరో మాత్రం చెప్పకు. ఇది ఎవరూ అడక్కుండానే తను చేస్తున్న పని. ఇంకొకళ్ళ నోట, అంత మర్యాదగా, అంత న్యాయంగా వినపడేసరికి ఒళ్ళు మండిపోయింది. ఈ వంగి కూర్చోవడం ఏమిటి? ఎవరి సొమ్ము దోచుకున్నానని?

లేచింది. లేవడంలో భుజం తగిలి పై టైరు దొర్లుకుంటూ వెళ్ళి కమిటీ ఆయన కాళ్ళ దగ్గర పడింది. ఆయన అదిరిపడి హెల్మెట్ వదిలేశాడు.

"పేరు మార్చం సార్" అంది టైలరమ్మ.

మొహం మీద, చేతుల మీద, చీర మీద నల్లటి మసి. కమిటీ ఆయన నోరు వెళ్ళబెట్టాడు.

"టైలరమ్మా! మీరా? మీరు ఇక్కడ... మీ అమ్మగారికి తెలుసా?"

"తెలీదు. ఆదివారం తెలుస్తుంది. అప్పటిదాకా మీరు చెప్పకండి."

"గొంతు బాలేదన్నారుగా?"

"అదీ ఆదివారమే తెలుస్తుంది."

కమిటీ ఆయన కింద పడ్డ హెల్మెట్ తీసుకుని, దుమ్ము దులుపుకుని, మళ్ళీ దులుపుకుని, "నా నోటితో నేను చదవను. మైకు ఇస్తాను. మీ పేరు మీరే చెప్పుకోండి. తరవాత నన్ను అడగొద్దు" అనేసి మెట్లు దిగిపోయాడు. సగం దిగి ఆగి పైకి చూసి, "నా నీలం చొక్కా రేపటికి అవుతుందా?" అని అడిగాడు.

"అవుతుంది సార్."

స్కూటరు వెళ్ళిన చప్పుడు వినపడ్డాక టైర్లాయన గట్టిగా ఒక కేక పెట్టాడు. టీచరు తన చేతిరుమాలు తడిపి తెచ్చి టైలరమ్మ మొహం తుడవడం మొదలుపెట్టింది. మసి వదిలేకొద్దీ కింద నుంచి నవ్వు బయటపడింది.

*

ఆ మూడు రోజులూ టైలరమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు. మెషీన్ తొక్కుతుంటే ఆ చప్పుడులోనే పాట నడిచేది. ఒక జేబు ఎడమవైపు పెట్టాల్సింది కుడివైపు కుట్టేసి, తనలో తనే నవ్వుకుని విప్పేసింది. భయం కూడా ఉంది. కానీ ఆ భయం, ఊయల బాగా పైకి వెళ్ళినప్పుడు కలిగేలాంటి భయం.

బృందం అందరికీ ఒకే రంగు చేతుల్లేని కోట్లు కుట్టాలని తనే అంది. ముదురు ఆకుపచ్చ గుడ్డ, లోపల పసుపు అస్తరు. కట్ చేసి జతలు పెట్టేసరికి షాపు బల్లంతా పచ్చికబయలు లాగా అయింది.

అమ్మ పొద్దున్నే అల్లం మరిగించిన నీళ్ళు గ్లాసులో తెచ్చి పక్కన పెట్టింది. కూతురు తాగేదాకా కదలదు. షాపు వెనక గదుల్లోనే ఇద్దరి కాపురం. ఒకప్పుడు మందిరంలో పిల్లలందరికీ పాట నేర్పింది అమ్మే. కూతురికి మాటలకంటే ముందు స్వరాలు నేర్పింది. గొంతు పోయిందని తెలిసిన రోజు ఏడవలేదు. ఆ రోజు నుంచీ తీపి ముట్టడం మాత్రం మానేసింది. కూతురు మళ్ళీ పాడేదాకా ముట్టనని మొక్కుకుందట. ఆ సంగతి టైలరమ్మకి పక్కవాళ్ళ ద్వారా తెలిసింది. తెలిసినప్పటి నుంచీ ఆ అల్లం నీళ్ళు మరింత ఘాటుగా దిగుతున్నాయి.

"గుండీలు నేను కుడతాను ఇలా ఇయ్యి" అని అమ్మ ఒక కోటు ఒళ్ళో వేసుకుంది. సూది ఎక్కించడానికి కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది. "ఎవరివే ఇవి?"

"ఒక పాటల బృందానివి."

"ఏ మందిరం?"

"మందిరం కాదు." టైలరమ్మ బాబిన్ మార్చడానికని వంగింది. మార్చాల్సిన అవసరం లేదు. దారం నిండా ఉంది. "మామూలు వాళ్ళు. కలిసి పాడుకుంటారంతే."

"మామూలు వాళ్ళు పాడుకోవడం మంచిదేగా." అమ్మ గుండీని నాలుగు వైపులా కుట్టి, మెడలా దారం చుట్టి, పంటితో తెంపింది. ఇంకొకటి తీసుకుంది. "ఈ మనిషి ఎవరే బాబూ, ఒక్క కోటులో ఇద్దరు పడతారు!"

"టైర్ల షాపాయన."

"పాడతాడా వాడు?" అమ్మ నవ్వింది. కాసేపు ఇద్దరూ పనిలో పడ్డారు. తరవాత అమ్మ చేతులు ఆగాయి. ఒళ్ళో ఉన్న కోటు భుజాల దగ్గర పట్టుకుని దూరంగా జరిపి చూసింది. ఆవిడ చూపే టేపు. "ఇది నీ కొలతలా ఉందే!"

ఇప్పుడే. ఇప్పుడు చెప్పేస్తే అయిపోతుంది. టైలరమ్మ నోరు తెరిచింది. అమ్మ కళ్ళల్లో ఏ అనుమానమూ లేదు. ఇంత పెద్ద ఊళ్ళో కూతురి కొలతే ఉన్న ఇంకో మనిషి ఉందన్న వింత మాత్రమే ఉంది.

"నా అంతే ఉంటుంది ఆవిడ" అంది చివరికి.

"ఆదివారం చూపించు నాకు. మేం ముందు పాడేసి కిందికి వచ్చి కూర్చుంటాం. మన మందిరం పెద్దాయన ఈసారి నన్నూ పాడమన్నాడు, వెనక వరసలో." అమ్మ మొహం వెలిగిపోతోంది. "నువ్వుండి ఉంటే ముందు వరస మనదే అయ్యేది."

టైలరమ్మ మెషీన్ తొక్కింది. అంత గట్టిగా తొక్కాల్సిన కుట్టు కాదది.

*

ఆదివారం సాయంత్రం ఊరు ఊరంతా ఏటి ఒడ్డునే ఉంది. కొత్త వంతెన ఎండలో తెల్లగా మెరుస్తోంది. దాని కట్టకి ఆనించి కట్టిన స్టేజీ, ఎదురుగా కుర్చీలు, కుర్చీల వెనక నిలబడ్డ జనం, జనం భుజాల మీద పిల్లలు. వంతెన కట్టిన కూలీలు కొందరు రెయిలింగు మీద వరసగా కూర్చుని కాళ్ళూపుతున్నారు.

స్టేజీ వెనక టెంటులో టైలరమ్మ అందరి కాలర్లూ సరిచేసింది. నర్సు అరచేతులు చెమట పడుతుంటే కోటుకే తుడుచుకుంటోంది. "మరక పడుతుంది, ఆపు" అని టైలరమ్మ కసిరింది. టైర్లాయన మొదటి నుంచీ పేరు తనే చెబుతానని పట్టుబట్టాడు, ఇప్పుడు మాత్రం నీళ్ళు నములుతున్నాడు. "చెల్లెమ్మా, ఇంతమంది ఉంటారని ఎవరూ చెప్పలేదే!" అన్నాడు.

స్టేజీ మీద మందిరం వాళ్ళు పాడుతున్నారు. వెనక వరసలో అమ్మ గొంతు ఎక్కడుందో టైలరమ్మ ఇట్టే పట్టేసింది. సన్నగా, నిక్కచ్చిగా, మిగతా గొంతులన్నీ ఆరేసుకునే తీగలాగా ఉంది. ఎంత బాగా పాడుతోంది! పాటలో మాటలతో తనకి పేచీ. గొంతుతో పేచీ ఏముంది?

చేపల మార్కెట్టు వాళ్ళు అయ్యారు. రైల్వే వాళ్ళు అయ్యారు. కమిటీ ఆయన నీలం చొక్కాలో వచ్చి, "తరవాత బృందం... వాళ్ళే చెప్పుకుంటారు" అని మైకు స్టాండు మీద పెట్టి, కాలిపోతున్న వస్తువు వదిలినట్టు వదిలి దిగిపోయాడు.

ఆకుపచ్చ కోట్లు వరసగా స్టేజీ ఎక్కాయి. టైలరమ్మ ముందు వరసలో నిలబడింది. కింద మొదట గుసగుసలు, తరవాత "టైలరమ్మ కదూ?" అన్న మాట కుర్చీ నుంచి కుర్చీకి దూకింది. మూడో వరసలో అమ్మ మెడ చాచి చూస్తోంది. పోల్చుకుంది. ఏమీ అర్థం కాక పక్కావిడ మోచెయ్యి పట్టుకుంది.

టీచరు మైకు దగ్గరికి వెళ్ళింది. తరగతిలో హాజరు పిలిచినట్టు, తొణక్కుండా, "మేము దేవుణ్ణి నమ్మనివాళ్ళ పాటల బృందం. మీ ఊరివాళ్ళమే" అంది.

వెనక నుంచి ఎవరో ఊళ పెట్టారు. "దిగండి!" అని ఒక గొంతు. "పాడనివ్వండయ్యా!" అని ఇంకోటి. కొన్ని కుర్చీలు కీచుమన్నాయి. నర్సు టైర్లాయన చెయ్యి పట్టుకుంది.

టైలరమ్మ కళ్ళు మూసుకోలేదు. అమ్మనే చూస్తూ మొదటి లైను ఎత్తుకుంది.

*రాయి మోసిన చెయ్యి ఎవరిదో చెప్పవా*
*ఏరు దాటే వేళ ఎవరు తోడో చెప్పవా*

గొంతు తనకే కొత్తగా వినపడింది. ఇన్నాళ్ళు మూసి ఉంచిన గొంతు మీద దుమ్ము కూడా లేదు. అది ఏటి మీదికి పోయి, వంతెన కింద తగిలి, తిరిగి వచ్చింది. ఊళలు ఆగిపోయాయి. రెయిలింగు మీద కూలీల కాళ్ళు ఊగడం మానేశాయి. తరవాతి లైనుకి బృందమంతా కలిసింది, టైర్లాయన బొంగురు గొంతు కింద నుంచి పునాది వేసినట్టు లేచింది.

*పైన లేరెవ్వరూ, పక్కనే ఉన్నారు*
*చెయ్యి చాపితే చాలు, చెంతనే ఉన్నారు*

పాట అయిపోయింది. ముందుగా చప్పట్లు వంతెన మీంచి వచ్చాయి, కూలీలవి. తరవాత అటొకరు, ఇటొకరు. ఆ చప్పట్లు ఇంకా ఊపందుకోకముందే మూడో వరసలో అమ్మ లేచి నిలబడింది. రెండు చేతులూ పైకెత్తి, కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతుంటే అరిచింది.

"వచ్చింది! నా తల్లి గొంతు వచ్చింది!"

మందిరం పెద్దాయన ఒక్క గెంతులో స్టేజీ మెట్లెక్కాడు. ఆ వయసులో అంత చురుకు ఎవరూ ఊహించలేదు. మైకు అందుకున్నాడు. "చూశారా! డాక్టర్లు పోయిందన్న గొంతు! ఆ తల్లి తీపి మానేసి, పూటపూటా అడిగిన గొంతు! లేడన్నవాళ్ళ మధ్యలో నిలబెట్టి మరీ తిరిగి ఇచ్చాడు! ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?"

జనం ఒక్కసారిగా లేచారు. ఇందాక దిగమన్నవాళ్ళే ఇప్పుడు చేతులు పైకెత్తారు. ఆడవాళ్ళు అమ్మని కౌగిలించుకున్నారు. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ప్రార్థన ఎత్తుకున్నారు. టైర్లాయన మొహం కందగడ్డలా అయింది. "మన పాటని ఎత్తుకుపోయారు చెల్లెమ్మా!" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

టైలరమ్మ అమ్మని చూసింది. ఆ మొహంలో అంత ఆనందం ఎప్పుడు చూసిందో గుర్తు లేదు. ఏమీ అనకపోతే చాలు. అనకపోతే అందరికీ అన్నీ బాగుంటాయి. అమ్మ ఇంటికెళ్ళి తీపి తింటుంది. షాపుకి జనం విరగబడతారు. తను రేపటి నుంచి మళ్ళీ మందిరంలో ముందు వరసలో, నోరు తెరిచి, ఎవరో చెప్పకుండా...

పెద్దాయన చేతిలోంచి మైకు తీసుకుంది. లాక్కోలేదు. "ఒకసారి ఇవ్వండి" అని అడిగి తీసుకుంది. దీవించబోతున్నట్టు ఆయన నవ్వుతూనే ఇచ్చాడు.

"నా గొంతుకేం కాలేదు" అంది.

ఎవరికీ సరిగ్గా వినపడలేదు. ఇంకా దగ్గరికి పెట్టుకుంది.

"నా గొంతుకి ఎప్పుడూ ఏమీ కాలేదు. ఏ డాక్టరూ ఏమీ అనలేదు. నాకు దేవుడి మీద నమ్మకం పోయింది. ఆ మాట చెప్పడానికి భయపడి గొంతు పోయిందన్నాను." మైకులో తన ఊపిరి తనకే వినపడుతోంది. ఇంక జనంతో కాదు మాట్లాడుతున్నది. "అమ్మా, అబద్ధం చెప్పాను. నువ్వు తీపి మానేశావని తెలిసి కూడా చెప్పలేదు. అది నా తప్పు. నమ్మకం పోవడం మాత్రం తప్పని అనుకోవడం లేదు. నాకు పాడటం ఇష్టం. వీళ్ళతో పాడటం ఇష్టం."

అమ్మ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. నెమ్మదిగా దిగాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొద్దికొద్దిగా పక్కకి జరిగారు. ఆవిడ ఒక్కతీ నిలబడింది. తరవాత సంచీ తీసుకుని, కుర్చీల మధ్య నుంచి ఎవరినీ తగలకుండా దారి చేసుకుంటూ వెళ్ళిపోయింది.

వెనకే వెళ్ళాలని టైలరమ్మ కాలు కదిలింది. టీచరు చెవి దగ్గర మెల్లగా, "వెళ్ళాలంటే వెళ్ళమ్మా. రెండో పాట మేం ఎలాగో లాక్కొస్తాం" అంది.

"పాడేసి వెళతాను" అంది టైలరమ్మ, కదిలిన కాలు వెనక్కి తీసుకుని.

రెండో పాట సగం ఖాళీ కుర్చీలకి పాడారు. నిలబడ్డవాళ్ళు మాత్రం చాలామంది నిలబడే ఉన్నారు. అంత ఆనందం, అంత బాధ ఒకే గొంతులోంచి ఒకేసారి వస్తాయని టైలరమ్మకి అంతవరకూ తెలీదు. స్టేజీ దిగుతుంటే పరిగెత్తాలనిపించింది. ఇంటిదాకా పరిగెత్తింది కూడా.

అమ్మ గది తలుపు మూసి ఉంది.

*

మర్నాడు అల్లం నీళ్ళు రాలేదు. అమ్మ వంట చేసింది, వడ్డించింది. టైలరమ్మ రెండుసార్లు "అమ్మా" అంది. రెండుసార్లూ అమ్మ ఏదో గిన్నె తోమడానికి లేచింది.

షాపు తెరవగానే ఇద్దరు వచ్చి, కట్ చెయ్యని గుడ్డలు వెనక్కి తీసుకెళ్ళారు. ఒకావిడ, "మా ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు, నాకేం లేదు" అని గొణిగి, చెప్పులేసుకోవడంలో తడబడింది. కమిటీ ఆయన మాత్రం స్కూటరు దిగకుండానే అరిచాడు. "తెల్ల చొక్కా ఒకటి కుట్టాలి, కొలతలు మీ దగ్గర ఉన్నాయిగా!" అని, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి పోయాడు.

మధ్యాహ్నం బేకరీలో పనిచేసే పిల్ల వచ్చింది. చేతులకి ఇంకా పిండి ఉంది. చినిగినదేమీ తేలేదు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ ముక్కలు వేళ్ళతో అటూ ఇటూ జరిపింది.

"ఏం కుట్టాలమ్మా?"

"ఏం లేదక్కా." గుమ్మం వైపు చూసింది. "ఊళ్ళో నేనొక్కదాన్నే అనుకున్నాను. గురువారం అంటగా... ఎవరైనా రావచ్చా?"

టైలరమ్మ చేతిలో కత్తెర కింద పెట్టేసింది. ఆ పిల్ల పిండి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. "రా. పాడటం వచ్చా?"

"రాదు."

"మాలో చాలామందికి రాదులే. రా."

ఆ పిల్ల ఎగురుకుంటూ వీధి దాటడం చూస్తూ నిలబడిపోయింది. వెనక్కి తిరిగేసరికి వెనక గదిలోకి వెళ్ళే గుమ్మంలో అమ్మ ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో! అలాగే లోపలికి వెళ్ళింది.

సాయంత్రం అమ్మ రోజూలాగే మందిరానికి బయల్దేరింది. రోజూకంటే శుభ్రంగా తల దువ్వుకుంది. ఇవాళ వెళ్ళకుండా ఉంటే బాగుణ్ణని టైలరమ్మకి అనిపించింది. అక్కడ ఏం వినాల్సి వస్తుందో తెలుసు. "నేనూ రానా, గుమ్మం దాకా?" అంది. అమ్మ తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది.

ఇంకా వెలుతురు ఉండగానే తిరిగొచ్చేసింది. ప్రార్థన అయ్యే వేళ కాదది. టైలరమ్మ మెషీన్ ఆపింది. అమ్మ చెప్పులు విడిచి, కస్టమర్లు కూర్చునే బెంచీ మీద, కస్టమర్‌లాగే కూర్చుంది.

"నన్ను ముందుకి పిలిచారు" అంది. గొంతు మామూలుగానే ఉంది. "అందరి ముందూ నిలబడి నీకోసం ఏడవమన్నారు. దారి తప్పిన బిడ్డ అని చెప్పి ఏడిస్తే, అందరూ కలిసి దేవుణ్ణి అడుగుతారట."

"ఏడిచావా?"

"నిలబడ్డాను. ఏడుద్దామనే నిలబడ్డాను. నా మీద నాకు జాలేసింది, నీ మీద ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు నా చేతి నీళ్ళు తాగుతూ నా మొహంలోకి చూశావే, ఎలా చూశావే!" అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కానీ కళ్ళు మూసుకుంటే నిన్న నువ్వు పాడిందే వినపడుతోంది. అంత బాగా పాడినదాని కోసం ఏడుపు ఎలా వస్తుంది? రాలేదు. ఎంతసేపు నిలబడినా రాలేదు. పెద్దాయన దగ్గుతున్నాడు. వచ్చేశాను."

టైలరమ్మ స్టూలు దిగి బెంచీ దగ్గరికి వెళ్ళింది. పక్కన కూర్చోవచ్చో లేదో తెలీక నిలబడింది.

"నేను దేవుణ్ణి వదల్లేదు" అంది అమ్మ. "వదలను కూడా. నీకోసం రోజూ అడుగుతాను. నువ్వు వద్దన్నా అడుగుతాను."

"అడుగమ్మా."

"రేపూ వెళతాను మందిరానికి. నా చోట నేను కూర్చుంటాను. ఎవరేమంటారో చూస్తాను."

"సరే."

అమ్మ కొంచెం పక్కకి జరిగింది. టైలరమ్మ కూర్చుంది. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఈ షాపు ముందుకి వచ్చేసరికి తలలు తిప్పి చూసి పోతున్నారు.

"ఆ లావాటి మనిషి" అంది అమ్మ ఉన్నట్టుండి. "చరణం చివర పైకి పోలేక శ్రుతి జారిపోతున్నాడు. వాడికి పైస్థాయి ఎవరిచ్చారు?"

"నేనే."

"బుద్ధుందా? వాణ్ణి కిందే ఉంచి, పైది ఇంకో ఆడగొంతుకి ఇయ్యాలి. ఏదీ, మొదటి నుంచి ఎత్తుకో."

"ఇక్కడా? ఇప్పుడా?"

"ఊరందరి ముందూ పాడినదానివి. నా ముందు సిగ్గా?"

టైలరమ్మకి నవ్వు, ఏడుపు కలగలిసి వచ్చాయి. అలాగే ఎత్తుకుంది. రాయి మోసిన చెయ్యి ఎవరిదో చెప్పవా. అమ్మ తొడ మీద వేలితో తాళం వేస్తూ, కళ్ళు చిట్లించి, తప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టు విన్నది. రెండో లైనుకి మెల్లగా, పైస్థాయిలో, కలిసింది. ఏరు దాటే వేళ ఎవరు తోడో చెప్పవా. రెండు గొంతులూ ఒకదాన్నొకటి పట్టుకుని పైకి పోయాయి. వీధిలో ఎవరో సైకిలు దిగి నిలబడ్డారు.

టైలరమ్మ తరవాతి లైను దగ్గరికి వచ్చింది. పైన లేరెవ్వరూ. పాడాలా, ఆపాలా? ఆపలేదు. పాడింది.

అమ్మ కూడా ఆపలేదు. పెదాలు మూసేసింది. ఆ మాటలు ఉన్నంతమేరా, స్వరం ఒక్కటి కూడా జారకుండా, తల పక్కకి తిప్పుకుని, గట్టిగా, నిండుగా కూనిరాగం తీసింది. తీసి, "పక్కనే ఉన్నారు" దగ్గర మళ్ళీ నోరు తెరిచి మాటలతో కలిసింది.